మారేడు: కాయది ఒక గుణం, పండుది ఇంకో గుణం

[దృశ్యం: శివాలయం ఆవరణలో మారేడు చెట్టు, కొమ్మలకు గుండ్రటి కాయలు]

నమస్కారమండీ. శివుడి పూజకని మారేడు దళాలు కోసుకుంటాం. అదే చెట్టు కింద రాలిన పండును మాత్రం చాలామందిమి పట్టించుకోం. నాకు బాధనిపించేది అదే.

[దగ్గరి షాట్: పండును రాతికేసి కొట్టడం]

చాకుతో పని జరగదు, పెంకు అంత గట్టిది. పగిలాక చూడండి: నారింజ రంగు గుజ్జు, గింజల చుట్టూ జిగురు, గుప్పుమనే తీపి వాసన. ఇది నిమ్మ కుటుంబపు చెట్టే. ఆకును వెలుతురుకు అడ్డంగా పెడితే సన్నటి నూనె చుక్కలు కనిపిస్తాయి.

[దృశ్యం: పక్కపక్కనే పచ్చి కాయ, పండు]

ఇప్పుడు అసలు విషయం. పండ్లన్నీ పండాకే గుణమిస్తాయి, మారేడు మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే మేలు అంటుంది భావప్రకాశం అనే పాత ఆయుర్వేద గ్రంథం. పచ్చి కాయలో వగరు ఎక్కువ, అంటే టానిన్లు ఎక్కువ. అందుకే కాయను ముక్కలుగా కోసి, ఎండబెట్టి, విరేచనాలకూ జిగట విరేచనాలకూ కషాయం కాచి ఇచ్చేవారు. బాగా పండిన గుజ్జుది దాదాపు ఎదురు గుణం, మలబద్ధకానికి వాడతారు. ఏది ఎప్పుడో తెలియకుండా తింటే ఇబ్బందే. మారేడు వేరు కూడా దశమూలాల్లో, అంటే ఆయుర్వేదంలో కలిపి వాడే పది వేళ్లలో ఒకటి.

[దృశ్యం: గుజ్జును నీళ్లలో పిసకడం, వడకట్టడం]

ఒడిశాలో ఏప్రిల్ నడిమి పణా సంక్రాంతికి ఈ గుజ్జుతో బేల పణా చేస్తారు. గుజ్జును నీళ్లలో నానబెట్టి, పిసికి, గింజలు తీసేసి, బెల్లం కలుపుతారు. కొబ్బరి, మిరియాల పొడి కూడా వేస్తారు. మన ఎండలకూ ఇంతకంటే మంచి పానకం ఏముంటుంది!

[దృశ్యం: వ్యాఖ్యాత కెమెరా వైపు]

ఒక మాట గట్టిగా చెప్పాలి. పసిపిల్లలకు విరేచనాలైతే ముందు ఓఆర్‌ఎస్, వెంటనే డాక్టర్. రక్తం పడినా అంతే, కషాయం కాస్తూ కూర్చోవద్దు. ఆకు రసంతో షుగర్ తగ్గినట్టు ఎలుకల మీద ప్రయోగాల్లో కనిపించింది. అంతమాత్రాన మీ మాత్రలు మానేయకండి. మాత్రలతో పాటు ఆకు రసం తాగితే షుగర్ మరీ పడిపోవచ్చు. గర్భిణులు ఆకు కషాయానికి దూరంగా ఉండటమే మంచిది.

[దృశ్యం: మారేడు రెమ్మ, వెలగ రెమ్మ]

కొనేటప్పుడు వెలగతో పొరబడకండి. మారేడుకు ఒక్కో రెమ్మకు మూడు ఆకులు, వెలగకు ఐదు, ఏడు. వెలగ గుజ్జు గోధుమ రంగులో పుల్లగా ఉంటుంది. మారేడు పండు దొరికేది వేసవిలోనే, మార్చి నుంచి వెతకండి.