ఓడింది ఆ పదకొండు మందేనా?

శ్రోతలందరికీ నమస్కారమండి. 2025 అక్టోబర్ 14న గోవాలోని మడ్గావ్‌లో మన ఫుట్‌బాల్ జట్టు వాళ్ళు సింగపూర్ చేతిలో 2-1తో ఓడిపోయారు గుర్తుందా, ముందు గోల్ కొట్టింది మనమే, అయినా ఓడిపోయాం, 2027 ఆసియా కప్‌కి వెళ్ళే ఆశ ఆ రాత్రితోనే పోయింది. తెల్లారేసరికి కోచ్‌ని తీసేయండని ఒకరు, 41 ఏళ్ళ సీనియర్ ఆటగాడు సునీల్ ఛెత్రీని ఇంకా ఎందుకు ఆడిస్తున్నారని ఇంకొకరు, ఒకటే తిట్లు. నాకూ ఏడుపొచ్చింది, కాదనను. కానీ కోచ్‌ని మార్చడం మనకి కొత్తా? 2024లో అప్పటి కోచ్ స్టిమాచ్‌ని పంపించేశారు, తర్వాత మనోలో మార్కెజ్ వచ్చాడు, మన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బుకి ఐఎస్‌ఎల్, అంటే ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చిపెట్టినాయన, ఆయన కూడా ఏడాది తిరక్కుండానే వెళ్ళిపోయాడు, ఆ తర్వాత ఖాలిద్ జమీల్. ఎవరొచ్చినా ఏం చేస్తారండి, పాతికేళ్ళ కుర్రాడికి బాల్ ఆపడం నేర్పే టైమా అది? అది ఎనిమిదేళ్ళప్పుడు రావాలి.

మా ఇంటి దగ్గర గ్రౌండ్‌కి పొద్దున్నే వెళ్తుంటాను. ఇరవై మంది పిల్లలు, రెండే బాల్స్, అందులో ఒకటి కుట్లు ఊడింది. పిల్లలు లైన్‌లో నిలబడి ఒక్క కిక్ కొట్టి మళ్ళీ వెనక్కెళ్ళి నిలబడతారు, గంటలో ఒక్కొక్కడి కాలికి బాల్ తగిలేది ఎన్నిసార్లో మీరే లెక్కేసుకోండి. ఒక పిల్లాడు అన్నయ్య బూట్లు వేసుకొస్తాడు, ముందు భాగంలో న్యూస్‌పేపర్ కుక్కుకుని. భలే ఆడతాడు వాడు. ఏడింటికల్లా క్రికెట్ వాళ్ళొచ్చి వికెట్లు పాతేస్తారు, ప్రాక్టీస్ అయిపోయినట్టే. ఇక తొమ్మిదో తరగతికొస్తే సగం మంది కనిపించరు, ట్యూషన్లు, ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు. తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేను, వాళ్ళ భయం వాళ్ళది.

ఇదే హైదరాబాద్‌లో రహీం సాబ్ అని ఒక స్కూల్ టీచర్ ఉండేవారు, సయ్యద్ అబ్దుల్ రహీం. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన కోచ్‌గా ఉండగానే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన చేతికింద ఆడినవాడే. రహీం సాబ్ ఏం చేసేవారంటే, అలవాటు లేని కాలితోనే ఆడాలని రూల్ పెట్టి టోర్నమెంట్లు నడిపేవారు, డ్రిబ్లింగ్, అంటే బాల్‌ని కాళ్ళతో తోసుకుంటూ ఎదుటివాళ్ళని తప్పించుకెళ్ళడం, చేయకూడదని కూడా పోటీలు పెట్టేవారు. డబ్బుతో పనిలేని ఐడియాలండీ ఇవి! మన దగ్గర పిల్లలకి డ్రిల్లులున్నాయి, మ్యాచ్‌లే లేవు. మ్యాచ్ ఆడకపోతే ఒత్తిడిలో పాస్ ఎవరికివ్వాలో ఎలా తెలుస్తుంది?

అందుకే అడుగుతున్నా, మీ కాలనీలో పది మంది పిల్లలుంటే ఈ ఆదివారం అయిదుగురు అయిదుగురిగా చేసి ఒక మ్యాచ్ పెట్టండి, గోల్‌పోస్టుకి రెండేసి ఇటుకలు చాలు. సెకండ్ హాఫ్‌లో మాత్రం కుడికాలి వాటం వాళ్ళంతా ఎడమకాలితోనే కొట్టాలని చెప్పండి, మొదట్లో తడబడి పడతారు, నవ్వుకుంటారు, పది నిమిషాలయ్యాక చూడండి వాళ్ళని.