నిండా మునిగినవాడికి చలేంటి?

అందరికీ నమస్కారం. మితం గురించి మాట్లాడమన్నారు. నేను అరిసెతో మొదలుపెడతాను.

ఒక ఏడాది జనవరి 1న తీపి పూర్తిగా మానేశాను. ఊరంతా చెప్పుకున్నాను కూడా. కాఫీలో చక్కెర సైతం బంద్. భోగి రోజు అత్తయ్యగారు "ఒక్కటే కదా బాబూ" అంటూ అరిసె చేతిలో పెట్టారు. కాదనలేక తిన్నాను. అక్కడితో ఆగితే ఈ ప్రసంగమే ఉండేది కాదు. సాయంత్రానికి డబ్బాలో ఇంకో ఐదు తగ్గాయి. సున్నుండల లెక్క వేరు. కనుమ దాకా ఇక అడ్డూ అదుపూ లేదు.

ఆకలేసి తిన్నానా? లేదు. మొదటి అరిసె గొంతు దిగగానే లోపల ఒక మాట పలికింది: "ఎలాగూ పోయింది కదా!" నిండా మునిగినవాడికి చలేంటి అనేది దీన్నే.

1975లో హెర్మన్, మాక్ అనే పరిశోధకులు కాలేజీ అమ్మాయిలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత రుచి చూసి చెప్పమని ఐస్‌క్రీమ్ ముందు పెట్టి, ఎంతైనా తినొచ్చన్నారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. కడుపు లెక్క కడుపే చూసుకుంది. నోరు కట్టుకుని డైటింగ్ చేసేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు!

మరుసటి ఏడాది పోలివీ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగం ఇంకా తమాషాగా ఉంటుంది. తిన్న పుడ్డింగ్‌లో నిజంగా ఎన్ని కేలరీలున్నాయన్నది కాదు, ఎక్కువున్నాయని నమ్మడమే డైటింగ్ వాళ్ల కట్టు తెంచింది. అంటే తెగింది కడుపు కాదు, ఒట్టు.

అందుకే "నీకు మనోబలం లేదు" అనే మాట నాకు నచ్చదు. అతిగా తినేవాడు తరచుగా అతిగా మానేసినవాడే. ఫోన్ విషయమూ అంతే. యాప్ తీసేసి, వారానికి మళ్లీ వేసుకుని, ఆ రాత్రి రెండింటి దాకా చూసేవాళ్లు ఈ హాల్లో ఎంతమందో చేతులెత్తమని అడగను. (షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిందే వినండి, నన్ను అడ్డం పెట్టుకోకండి.)

మరి తప్పాక ఏం చేయాలి? 2007లో ఆడమ్స్, లియరీ అనే పరిశోధకులు డైటింగ్ చేసేవాళ్లకు ముందు డోనట్ తినిపించారు. తర్వాత కొందరితో "అందరూ తింటారు, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి" అన్నారు. ఆ మాట విన్నవాళ్లు ఆ తర్వాత పెట్టిన చాక్లెట్లు, మిఠాయిలు తక్కువ తిన్నారు. మనం ఇళ్లలో సరిగ్గా దీనికి ఎదురు చేస్తాం. పిల్లాడు ఒక పూట చదవకపోతే, ఏడాదంతా పాడైపోయిందని గోల పెడతాం.

మొన్న సంక్రాంతికి నేను ఏ ఒట్టూ పెట్టుకోలేదు. రెండు అరిసెలు తిన్నాను. మూడోది పెట్టబోతే "సాయంత్రం కాఫీతో తింటాను అత్తయ్యగారూ" అన్నాను. సాయంత్రం వెళ్లి చూస్తే డబ్బా ఖాళీ. పిల్లలు ఏ డైటింగ్‌లోనూ లేరు మరి!