పాత చీరలు పట్రండి

అందరికీ నమస్కారం అండి. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ, అదంతా చదివేసరికి పిల్లలు ఎండలో మాడిపోతారు, ఏవనుకోవద్దు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన బెజవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విలువిద్యలో మూడు గోల్డ్ మెడల్స్ కొట్టింది, అది చూసే కదా మీరంతా పిల్లల్ని ఈ క్యాంపుకి పంపించారు. విల్లులొచ్చాయి, బాణాలొచ్చాయి, గేటు దగ్గర ఆర్చీ కూడా కట్టారు. వదిలిన బాణం ఎక్కడాగాలో మాత్రం ఎవరికీ పట్టలేదండి.

పోయినేడు ఒక దాత గారు, పేరెందుకులెండి, ఫోమ్ బోర్డొకటి ఇచ్చి ఫొటోలు దిగారు. అందరూ మధ్యలోకే కొడతారు కదా, చెయ్యి దూరేంత బొక్క పడిపోయి, బాణాలు దాంట్లోంచి వెళ్ళి గోడక్కొట్టుకుని ముక్కలు. ఇంకోటి ఇప్పించండి అంటే, ఆయన బొమ్మేసిన ఫ్లెక్సీ పంపించారు!

గడ్డిమోపులు పెట్టేస్తే పోలా అంటారు. ఈ డెల్టాలో వరిగడ్డికేం తక్కువ, కానీ వదులుగా కట్టిన మోపులోంచి బాణం సర్రున దూరిపోద్ది, పైగా నాలుగు వానలు పడితే ముక్కిపోయి ఎలకలూ చెదలూను. బాణం ఆగాలంటే లోపలున్న సరుకు దాన్ని నాలుగు పక్కలా బిగించి పట్టుకోవాలండి, ఆ రాపిడికే ఆగుద్ది.

అందుకని రొయ్యల మేత సంచులు తెండి, చెరువు గట్ల మీద బోల్డు పడున్నాయి. విప్పి కలిపి కుట్టి నాలుగడుగుల మూట చెయ్యండి. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరానికి పెట్టే టార్గెట్ ఫేసు, అదే గురి చూసి కొట్టే రంగు వలయాల బొమ్మ, 122 సెంటీమీటర్లు, అంటే నాలుగడుగులే, మన పిల్లలు కొట్టే దూరానికి బోల్డంత. దాంట్లో పాత చీరలూ లుంగీలూ కుక్కాలి, ఊరికే పడెయ్యడం కాదు, పొరపొరకీ కాళ్ళతో తొక్కాలి, అడుగు మందానికి తగ్గకూడదు. హుక్కులూ జిప్పులూ గుండీలూ ముందే పీకెయ్యండమ్మా, బాణం తగిలితే మొన పోద్ది. ఇందాక నాకు కప్పిన శాలువా కూడా దాంట్లోకే, సన్మానం చేసినోళ్ళు క్షమించాలి. కొన్నాళ్ళకి బట్టలు కిందకి దిగి పైన డొల్లవుద్ది, అప్పుడు మళ్ళీ కూరాలి. మధ్యలో చిరిగితే ఇంకో సంచి ముక్క పైనేసి కుట్టుకోవడమే.

సరుగుడు బాదులు పాతి, నేలకి తగలకుండా వేలాడగట్టండి. ఆట అయ్యాక కప్పడానికి ఆ ఫ్లెక్సీ ఉందిగా, బొమ్మ లోపలికి పెట్టండి. మూట వెనకాల సన్న కన్నుల వల వదులుగా, కింద నేల మీద పరుచుకునేలా కట్టండి, బిగించి కడితే బాణం చీల్చుకుపోద్ది. దారి ఉన్న వైపు అసలు పెట్టొద్దు, కాలవ గట్టు వైపే పెట్టండి, తప్పిపోయినా మట్టిలో దిగుద్ది.

ఒరేయ్ పిల్లలూ, బాణాలు తియ్యడానికి అందరూ ఒకేసారి వెళ్ళాలి, లాగేవాడి వెనకాల ఎవడూ నిలబడకూడదు, బాణం తోక కంట్లో దిగుద్ది. విజిల్ నా దగ్గరే ఉంటది.