కడుపు పొర పలచబడిందా? కెమెరా చెప్పేది, ముక్క పరీక్ష చెప్పేది

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు నుంచి చూస్తున్న మన తెలుగువాళ్లందరికీ నమస్కారం.

విశాఖలో ఎండోస్కోపీ, అంటే గొట్టం కెమెరాతో కడుపు పరీక్ష, చేయించుకున్నారు. కాగితం మీద 'అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్', అంటే కడుపు పొర వాచి పలచబడిందని, రాశారు. పొరలోంచి చిన్న ముక్క (బయాప్సీ) కూడా తీశాం, ఆ రిపోర్టుకి వారం తర్వాత రండి అన్నారు. మనలో చాలామంది మళ్లీ వెళ్లరు. రానుపోను ఖర్చు, పోయే కూలి తక్కువేం కాదు. అయినా ఆ రెండో కాగితం వదలొద్దని చెప్పడానికే ఈ వీడియో.

(తెర మీద: కడుపు లోపలి బొమ్మ)

కడుపు లోపలి పొరలో యాసిడ్ తయారుచేసే గ్రంథులుంటాయి. ఎక్కువగా హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఏళ్ల తరబడి ఉండిపోవడం వల్ల అవి నశిస్తాయి. అప్పుడు పొర పాలిపోతుంది, మడతలు తగ్గుతాయి, కింది రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. కెమెరాకి దొరికే గుర్తులివే. ఈ మార్పు ఎక్కడిదాకా పాకిందో చూసి గ్రేడు వేసే పద్ధతిని 1969లో జపాన్ వైద్యులు కిమురా, టకెమోటో ఇచ్చారు. రిపోర్టులో సి-1 నుంచి ఓ-3 వరకు రాసేది అదే. ఓ అంటే ఎక్కువగా పాకినట్టు.

కడుపంతా ఒకేసారి చూడగలగడం కెమెరా బలం. కానీ గాలి ఎక్కువ నింపితే మంచి పొరలోనూ నాళాలు కనిపిస్తాయి. చూసే డాక్టరు అనుభవాన్ని బట్టి కూడా గ్రేడు మారుతుంది.

గ్రంథులు నిజంగా పోయాయా, వాటి స్థానంలో పేగు తరహా కణాలు వచ్చాయా అన్నది మైక్రోస్కోపు కిందే తేలుతుంది. అయితే ముక్క కొన్ని మిల్లీమీటర్లే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసే లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఈ జబ్బు అక్కడక్కడా మచ్చలుగా వస్తుంది. అందుకే సిడ్నీ పద్ధతిలో ఐదు చోట్ల తీస్తారు: కడుపు కింది భాగంలో రెండు, వంపు దగ్గర ఒకటి, పైభాగంలో రెండు. అన్నీ ఒకే సీసాలో వేస్తే ఏది ఎక్కడిదో తెలియక స్టేజి, అంటే గ్రంథులు ఎంతమేర పోయాయో చెప్పే అంకె, వేయడం కష్టం. "వేర్వేరు సీసాల్లో పంపుతారా డాక్టరుగారూ?" అని అడగండి, తప్పేం లేదు. వాపు బాగా ఉంటే ముక్క పరీక్ష కూడా తడబడుతుంది. గ్రంథుల మధ్య వాపు కణాలు నిండి, గ్రంథులు తగ్గినట్టు కనిపిస్తాయి.

ముక్క తీశారంటే క్యాన్సరే అని టెన్షన్ పడకండి. ముప్పు ఎంతుందో ముందే తెలుసుకోవడానికే తీస్తారు. ముక్కల్ని చూసి వేసే ఈ స్టేజి పద్ధతి పేరు ఓల్గా. అందులో స్టేజి 3 లేదా 4 వస్తే సాధారణంగా మూడేళ్లకోసారి మళ్లీ చూడమంటారు. ఈ స్టేజి ఉండేది మీరు తెచ్చుకోకుండా వదిలేసిన ఆ రెండో కాగితంలోనే.

ఇంకో మాట. పాంటోప్రజోల్ లాంటి మాత్రలు రోజూ వేసుకుంటుంటే బ్యాక్టీరియా ఉన్నా పరీక్షలో దొరక్కపోవచ్చు. వీలైతే రెండు వారాల ముందు ఆపమంటారు. మీ అంతట మీరు ఆపొద్దు, ఎండోస్కోపీకి తేదీ తీసుకునేటప్పుడే డాక్టరుకి చెప్పండి.