వెనక సీటు మాటలు

అందరికీ నమస్తే. మన చుట్టుపక్కల గుళ్లు, కోటల గురించి మాట్లాడమని గ్రంథాలయం సార్లు అడిగితే, "నేను చరిత్ర చదివినవాణ్ని కాదు సార్, కిరాయి కారు నడుపుకునేవాణ్ని" అన్నాను. "అందుకే పిలుస్తున్నాం" అన్నారు. సరే, వచ్చాను. మైకు ముందు కొంచెం టెన్షన్‌గానే ఉంది.

ఇన్నేండ్లలో నేను గమనించింది ఒకటుంది. గుడి ముందు నిలబడినప్పుడు అందరూ ఒకటే మాట అంటారు, "ఎంత బాగుందో!" అని. సెల్ఫీ దిగుతారు. కారెక్కి, నీళ్లు తాగి, రెండు మూడు కిలోమీటర్లు పోయాక అసలు మాట బయటికి వస్తుంది. డ్రైవరు వింటున్నాడన్న సంగతి అప్పటికి మరిచిపోతారు. ఇవాళ ఆ మాటలే చెప్తాను.

ముందు మన నల్లగొండ పక్కనే ఉన్న పానగల్. క్లాక్ టవర్ దగ్గర బయలుదేరితే పావుగంట దారి. కుందూరు చోళుల రాజధాని అది. ఇప్పుడు మనకు నీళ్లు నిలిచే ఉదయసముద్రం చెరువు వాళ్ల కాలం నాటిదే. ఛాయా సోమేశ్వరంలో మూడు గర్భగుడులు, నడుమ ఒకటే మండపం. శివలింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. ఇది మీకు తెలిసిందే. నేను చేసిన తప్పు మాత్రం మీకు తెలియదు.

చాలా ఏండ్లు నేను మండపంలో ఒక స్తంభం చూపించి, "ఇదిగో, ఆ నీడ దీనిదే" అని చెప్పేవాణ్ని. నాకు ముందు తిప్పినవాళ్లు అట్లాగే చెప్పారు, నేనూ అదే పాట. ఒకసారి ఒక కుటుంబంతో పదో తరగతి పిల్ల వచ్చింది. నేను చూపించిన స్తంభం దగ్గరికి పోయి, దాని పక్కన రెండు చేతులు చాపి నిలబడింది. లోపల నీడలో ఏ మార్పూ లేదు. చేతులు ఊపింది. అయినా ఏమీ లేదు. "అంకుల్, ఇది ఈ స్తంభం నీడే అయితే, నా చేతుల నీడ ఏది?" అంది. నా దగ్గర జవాబు లేదు. వాళ్ల నాన్న నవ్వాడు, నేను చెమట తుడుచుకున్నాను.

తర్వాత ఫిజిక్స్ చెప్పే ఒక సారు నా కారెక్కితే ఆయన్ని అడిగాను. గర్భగుడిలోకి ఎండ నేరుగా పడదట. బయట నేలకు, రాళ్లకు తగిలి చెదిరిన వెలుతురు స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తుంది. అటు వెలుతురూ ఇటు వెలుతురూ సరిగా అందని చోటు మధ్యలో నిలువు పట్టీలా మిగిలిపోతుంది. అదే మనం చూసే నీడ. అది ఏ ఒక్క స్తంభానిదీ కాదు. పొద్దు కదిలినా స్తంభాలు, వాటి నడుమ సందులు కదలవు కాబట్టి నీడ కూడా ఉన్నచోటే ఉంటుంది.

ఈ గుట్టు విప్పి చెప్తే గిరాకీ పోతుందేమోనని భయపడ్డాను. జరిగింది వేరు. ఇదివరకు జనం దండం పెట్టి, ఫోటో తీసి ఐదు నిమిషాల్లో కారెక్కేవాళ్లు. ఇప్పుడు ఏ సందులోంచి వెలుతురు వస్తుందో వెతుక్కుంటూ అరగంట బయటికి రారు. నా వెయిటింగ్ చార్జీ కూడా పెరిగింది లెండి.

పక్కనే పచ్చల సోమేశ్వరం. అక్కడ ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, "పచ్చ ఏది?" ఒకప్పుడు పచ్చరాతి లింగం ఉండేదని జనం చెప్పుకుంటారు, ఇప్పుడైతే లేదు. దాని కోసం వెతికి నిరాశపడ్డవాళ్లు గోడల మీద చెక్కిన రామాయణ భారత కథలు చూడకుండానే వెనక్కి తిరుగుతారు. నాకు బాధనిపించేది అక్కడే.

పిల్లలమర్రి కథ చెప్పకపోతే ఈ ప్రసంగం వేస్టు. విజయవాడ నుంచి చుట్టాల ఇంటికి వచ్చిన ఒక కుటుంబం రాత్రి ఫోన్ చేసి, "పొద్దున పిల్లలమర్రికి పోవాలి" అన్నారు. నేను సూర్యాపేట దారి పట్టి, గుడి ముందు బండి ఆపాను. వెనక సీట్లో ఉన్న అమ్మమ్మ కిందికి దిగి నాలుగు వైపులా చూసి, "చెట్టేది నాయనా?" అంది. వాళ్లకు కావాల్సింది పాలమూరు పిల్లలమర్రి! ఏడు వందల ఏండ్లదని చెప్పే ఆ మర్రిచెట్టు. చెదలు పట్టి చచ్చిపోతుంటే 2018లో మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు కొమ్మలకు సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించారు, టీవీల్లో చూసే ఉంటారు. రెండు చోట్లకూ ఒకటే పేరు. అడగకపోవడం నా తప్పే. ఆ రోజు సగం కిరాయే తీసుకున్నాను.

వచ్చాం కదా అని లోపలికి పోయారు. నల్లరాతి స్తంభాలు అద్దం లాగా నున్నగా ఉంటాయి. అమ్మమ్మ ఒకదాని మీద చెయ్యి ఆనించబోతే గాజు తగిలి ఖంగుమంది. మళ్లీ కావాలనే తగిలించింది. ఇంకోదానికి తగిలించింది, చెవి దగ్గర పెట్టి విన్నది. "ఎవరు కట్టించారు?" అని అడిగింది. 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించిందని, అందుకే ఎరకేశ్వరాలయం అంటారని చెప్పాను. అప్పుడేమీ అనలేదు. సూర్యాపేట దాటాక వెనక నుంచి మెల్లగా, "మొగుడి పేరు పెట్టలేదు చూడు, తన పేరే పెట్టుకుంది" అంది. కాసేపాగి, "నా పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా లేదు" అని పకపకా నవ్వింది. కారంతా నవ్వారు. కూతురు మాత్రం నవ్వలేదు, అద్దంలో కనిపించింది.

ఆ దారిలోనే నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది. రాణి రుద్రమ చనిపోయిన సంగతి 1289 నాటి ఆ రాయి మీదే రాసి ఉంది. "ఇంతేనా, ఒక రాయేనా?" అంటారు చాలామంది. ఆ రాయి లేకపోతే ఆమె ఎప్పుడు పోయిందో మనకు తెలిసేది కాదు.

గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ, వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్. ఆ మెట్ల మీద పిల్లలు బైకు తాళాలు తిప్పుకుంటూ కూర్చుంటారు. వచ్చినవాళ్లలో సగం మంది "అయ్యో" అంటారు. నాకైతే బాగానే అనిపిస్తుంది. తాళం వేసి పెట్టిన కోటలు ఏమైపోతున్నాయో చూస్తున్నాం కదా.

ఆఖరుది అలంపురం. బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ గుళ్లు అందరూ చూస్తారు. అక్కడే కూడవెల్లి సంగమేశ్వరం కూడా ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని కృష్ణా తుంగభద్రలు కలిసే చోటు నుంచి రాళ్లు విప్పి తెచ్చి మళ్లీ కట్టిన గుడి. ఒకసారి ఒక పెద్దాయన్ని తీసుకుపోయాను. అందరూ లోపల తిరుగుతుంటే ఆయన గోడ పక్కనే కూర్చుని ఒక రాయిని అరచేత్తో నిమురుతూ ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు, కర్నూలు రోడ్డెక్కాక చెప్పాడు. "చిన్నప్పుడు మా నాన్న ఈ గుడి గోడకే ఆనుకుని కూర్చునేవాడు. గుడి గట్టెక్కింది. మా ఇల్లు అడుగునే ఉండిపోయింది." తర్వాత మహబూబ్‌నగర్ దాకా ఎవరూ పాట పెట్టమనలేదు.

ఇంక ఆపుతాను. టైం నాలుగు కూడా కాలేదు, కారు బయటే ఉంది. ఏడుగురు పడతారు. పొద్దు గూకకముందే పానగల్ పోయి నీడ ముందు చేతులు ఊపి రావాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇవాళ కిరాయి లేదు.