ఏలేశ్వరం పుస్తకం అడిగిన మనిషి
(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా నల్లగొండలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, వెనక నిలబడ్డ డిగ్రీ కాలేజీ ఆడపిల్లలకు నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే.

ఒక మహిళ జీవితం గురించి మాట్లాడమన్నారు. నేను జోన్ డు ప్లాట్ టేలర్ గురించి చెబుతాను. 1906లో పుట్టిన బ్రిటిష్ పురావస్తు పరిశోధకురాలు. సైప్రస్ మ్యూజియంలో పనిచేశారు. అప్లికి అనే చోట, రాగి గనుల దగ్గర, కంచు యుగపు ఇళ్లను తవ్వి బయటపెట్టారు. 1945లో లండన్ విశ్వవిద్యాలయపు పురావస్తు సంస్థలో లైబ్రేరియన్‌గా చేరి 1970 దాకా ఆ కొలువులోనే ఉన్నారు. ఆ కొలువు చేస్తూనే సైప్రస్ వెళ్లి మిర్తు-పిగాదెస్ దగ్గర ఒక ప్రాచీన ఆలయాన్ని తవ్వారు. 1957లో దాని నివేదికను పుస్తకంగా తెచ్చారు. 1960లో టర్కీ తీరాన, గెలిడోన్యా దగ్గర, సముద్రంలో మునిగిన మూడు వేల ఏళ్ల నాటి ఓడను పురావస్తు పరిశోధకుడు జార్జ్ బాస్ బృందం తవ్వినప్పుడు ఆమె ఆ బృందంలో ఉన్నారు. ఓడ నిండా రాగి దిమ్మెలు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. మునిగిన ఓడల పరిశోధనల కోసం 1972లో మొదలైన నౌకా పురావస్తు పత్రికకు తొలి సంపాదకురాలు కూడా ఆమే.

లైబ్రేరియన్ అంటే పుస్తకం ఇచ్చి ముద్ర వేసే మనిషి అనుకునేవాళ్లు ఈ జీవితం చూడాలి. తవ్విన మట్టిని తిరిగి అదే వరుసలో పేర్చలేం. ఏ పొరలో ఏం దొరికిందో రాసిపెట్టిన నివేదిక ఒక్కటే మిగులుతుంది. ఆ నివేదికను కాపాడి అడిగినవాళ్ల చేతికిచ్చేది లైబ్రేరియన్. ఆమె రెండు పనులూ చేశారు.

మనకూ నీళ్లలో మునిగిన ఊళ్లున్నాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. నీళ్లు నిండకముందే కృష్ణ అవతలి ఒడ్డున నాగార్జునకొండను తవ్వారు. ఇవతలి ఒడ్డున, మన జిల్లాలో, ఏలేశ్వరాన్ని అబ్దుల్ వహీద్ ఖాన్ గారి ఆధ్వర్యంలో తవ్వారు. ఆ నివేదిక 1963లో అచ్చయింది. ఊరు మునిగింది, పుస్తకం మిగిలింది.

నేను పనిచేసిన ఒక కాలేజీలో ఆ పుస్తకం ఉండేది. కంప్యూటర్ గదికి చోటు కావాలని పాత పుస్తకాలను తూకానికి అమ్మేశారు. వద్దని కాగితం రాసిచ్చాను, ఎవరూ చదవలేదు. ఆ తర్వాత ఒక పెద్దాయన వచ్చారు. చేతికర్ర, భుజాన తువ్వాల. "అమ్మా, మా ఏలేశ్వరం ఫోటువలు ఏదో బుక్కుల ఉన్నయంట గద, ఒక్కపారి సూపెడ్తవా?" అన్నారు. చిన్నప్పుడే ఊరు విడిచిన మనిషి. మనవడికి చూపించాలట. నేను కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, లేదని చెప్పాను. "గవుర్మెంటోళ్ల కాడ గూడ ఉండదా?" అన్నారు. హైదరాబాద్‌లో ఎక్కడ అడగాలో రాసిచ్చాను. ఆ వయసులో ఆయన హైదరాబాద్ వెళ్లి అడగాలా? ఆయన ఊరు ఆయన జిల్లాలో దొరకొద్దా? చెప్పండి!

టేలర్ గారి గురించి ఇంకా రాసుకొచ్చాను, పక్కన పెడుతున్నాను. 1922లో నీలగిరి పత్రిక వెలువడిన ఊరు ఇది. పుస్తకం విలువ ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీల్లో చదివే పిల్లలు, మీ ప్రిన్సిపాల్‌ను అడగండి. నోటితో కాదు, కాగితం మీద రాసి సంతకాలు పెట్టి ఇవ్వండి. పానగల్లు మ్యూజియం చూడనివాళ్లు ఈ ఆదివారమే వెళ్లండి.

పెద్దలారా, మీ ఇళ్లలో తవ్వకాల నివేదికలు, శాసన సంపుటాలు, పాత పటాలు ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి. జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి, ఇవ్వడం ఇష్టం లేకపోతే నకలు తీసుకోనివ్వండి. తలుపు దగ్గర బల్ల మీద నోటుబుక్కు పెట్టాను. పేరు, ఊరు, మీ దగ్గరున్న పుస్తకం పేరు రాసి వెళ్లండి. ఏలేశ్వరం నివేదిక ఉన్నవాళ్లు మాత్రం రాసి ఊరుకోవద్దు, నన్ను కలిసి వెళ్లండి.