పాలిచ్చే ట్యాంకులు, వట్టిపోయిన ట్యాంకులు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న హోటళ్ల వాళ్లకు, కేటరింగ్ వాళ్లకు, బేకరీల వాళ్లకు, ఆ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు. బాబూ, ముందు వరుస ఖాళీగానే ఉంది, వచ్చి కూర్చోండి. నన్ను పరిచయం చేసిన ఆయన చాలా మంచి మాటలన్నారు. అందులో సగం మా ఆవిడ వినుంటే అక్కడే లేచి నిలబడి అభ్యంతరం చెప్పేది.

నాకిచ్చిన అంశం కొత్త కస్టమర్లను రాబట్టుకోవడం, డబ్బు లెక్కలు తెలివిగా చూసుకోవడం. ఇరవై నిమిషాలన్నారు. మూడు పాయింట్లు రాసుకొచ్చాను. మూడో దాని దాకా వెళ్తానో లేదో చూద్దాం.

మీలో చాలామందిది మా లైను కాదు కాబట్టి ముందు రెండు మాటలు. మాది సీసాలు నింపి షాపులకు పంపే పెద్ద ఫ్యాక్టరీ కాదు. మైక్రోబ్రూవరీ. అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసులో పోస్తాం. పుణె, గురుగ్రామ్, బెంగళూరు మనకన్నా ముందు మొదలుపెట్టాయి. తెలంగాణలో దీనికి 2015లో నిబంధనలు వచ్చాయి, ఆ తర్వాతే హైదరాబాదులో ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. టీవీలో ప్రకటన వేసుకునే వీలు లేదు. మా బీరును పాశ్చరైజ్ చేయం కాబట్టి ఎక్కువ రోజులు నిలవ ఉండదు. పచ్చడి వ్యాపారిలా పార్సిల్ కట్టి అమెరికా పంపుకునే అదృష్టం మాకు లేదు. సరుకు కస్టమర్ దగ్గరికి పోదు, కస్టమరే సరుకు దగ్గరికి రావాలి. మా కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఇక మొదటి పాయింటు. గల్లాపెట్టెలో ఉన్నదంతా మనది కాదు.

ఇది మీకు తెలుసంటారు. నాకూ తెలుసు, కామర్స్ చదివినవాణ్ని. అయినా మొదటి ఏడాది శనివారం రాత్రి ఒంటి గంటకు లెక్క చూసుకుని, ఆ అంకె చూసి నిద్రపట్టేది కాదు, సంతోషంతో. ఆ డబ్బుతో కొత్త సోఫాలు వేశాను. బయట దీపాల తోరణాలు కట్టాను. లైసెన్సు ఫీజు కట్టాల్సిన వారం వచ్చేసరికి ఖాతాలో ఏమీ లేదు. చీటీ పాట పాడాను. ఐదు లక్షల చీటీ, లక్షకు పైనే వదులుకుని పాడుకున్నాను. ఆ రోజు పాటలో నాతో పోటీపడినాయన తర్వాత ఫోన్ చేసి, "ఏంటన్నా, అంత తొందరేమొచ్చింది?" అని అడిగాడు. ఏం చెప్పను? సోఫాల గురించి చెప్పనా?

ఇంకో సంగతి. మనుషులు తాగే మద్యం జీఎస్టీలో లేదు. రాజ్యాంగంలోనే దాన్ని బయట పెట్టారు. రాష్ట్రం వేసే ఎక్సైజు, వ్యాటు వేరే. బిస్కెట్లు చేసేవాడు మెషీన్ కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తర్వాత బిస్కెట్ల పన్నులో తగ్గించుకుంటాడు. మనం ట్యాంకులు, వాటిని చల్లబరిచే చిల్లరు మెషీను, మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు, కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ పోయినట్టే, బీరు మీద తగ్గించుకునే దారి లేదు. ఒకే బిల్లులో చికెన్ మీద ఐదు శాతం జీఎస్టీ, బీరు మీద వ్యాటు. ఆ ఐదు శాతం రెస్టారెంటు స్కీములోనూ కొన్నవాటి పన్ను వెనక్కి రాదు. నాకు ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసిన కన్సల్టెంటు మెషీన్ల మీద జీఎస్టీ మొత్తాన్ని 'తిరిగి వచ్చేది' అని ఒక గడిలో వేశాడు. బ్యాంకువాళ్లూ దాన్ని తీసేసే లోను ఇచ్చారు. తలుపులు తెరవకముందే అంత గొయ్యి. ఆ కన్సల్టెంటు పేరు చెప్పనులెండి, ఇప్పుడు వేరే ఊళ్లో పెద్ద మనిషయ్యాడని విన్నాను.

ఇప్పుడేం చేస్తున్నానో చెప్తాను. రోజూ రాత్రి షట్టరు వేసేముందు ఆ రోజు పన్ను మొత్తం వేరే ఖాతాకు పంపేస్తాం. లైసెన్సు ఫీజును 365తో భాగించి, ఆ రోజువారీ ముక్కా దానితో పాటే పోతుంది. మిగిలిందే మనది. ఎంత చిన్నగా కనబడుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఈ వేరే ఖాతా ఉపాయం నాది కాదు. మా పిప్పి తీసుకెళ్లే ఆయనది. ఆయన గురించి చెప్పకపోతే నాకు తోచదు. టైం చూస్తున్నారు, రెండు నిమిషాలే.

వెయ్యి లీటర్ల బీరు కాస్తే 200 కిలోల దాకా మాల్టు పడుతుంది. రసం తీసేశాక మిగిలే తడి పిప్పి బర్రెలకు మంచి దాణా. శంషాబాద్ అవతల నుంచి ఒకాయన ట్రాలీ ఆటో వేసుకుని వచ్చి పట్టుకెళ్తాడు. పన్నెండు బర్రెలున్నాయి. ఒకసారి వాళ్ల కొట్టానికి వెళ్లాను. గోడ మీద సుద్దముక్కతో గీతలు. ఒక్కో బర్రెకు ఒక వరుస. పూటకెన్ని లీటర్లు, ఎన్నాళ్లుగా ఇస్తోంది, ఎప్పుడు వట్టిపోయింది. పైన చూరులో మూడు డబ్బాలు. ఒకటి దాణాకు, ఒకటి బ్యాంకు కిస్తీకి, ఒకటి ఇంటికి. పాల డబ్బులు రాగానే ముందు మొదటి రెండు డబ్బాలూ నిండాలి. ఇంట్లో పెళ్లయినా సరే.

తర్వాతి వారం పిప్పి ఎత్తుతూ మా ట్యాంకుల వంక చూసి అడిగాడు: "సార్, గీ ఐదిట్ల పాలిచ్చేటివెన్ని, వట్టిపోయినవెన్ని?"

నవ్వాను. రాత్రికి పడుకున్నాక నవ్వు పోయింది. నాకు ఐదు ట్యాంకులు, ఒక్కోటి వెయ్యి లీటర్లు. రెండిట్లో లాగర్ అనే రకం బీరు వేసేవాణ్ని. లాగర్ చల్లగా, మెల్లగా తయారవుతుంది, మా దగ్గర ఆరు వారాలు ట్యాంకులోనే ఉంటుంది. గోధుమ బీరు రెండు వారాల్లో బయటికొస్తుంది. ఈస్టు దానికి కొంచెం అరటిపండు వాసన, లవంగం వాసన తెస్తుంది, మనవాళ్లకు తెగ నచ్చుతుంది. పన్నెండు వారాల్లో ఒక ట్యాంకు నుంచి గోధుమ బీరు ఆరు సార్లు, అంటే 6,000 లీటర్లు. లాగర్ రెండే సార్లు, 2,000 లీటర్లు. గ్లాసు ధర మాత్రం రెండిటికీ ఒకటే పెట్టాను! అక్కడేమో శనివారం తొమ్మిదింటికల్లా గోధుమ బీరు అయిపోయిందని సప్లయర్లు చేతులు తిప్పుతున్నారు.

మరి లాగర్ ఎందుకు వేశానంటే గొప్ప కోసం. తప్పును దాచుకునే చోటు లాగర్‌లో ఉండదు, అది బాగా చేసినవాడే అసలైన బ్రూవర్ అని మా వాళ్లలో ఒక మాట. నా గొప్ప కోసం రెండు బర్రెలు వట్టిపోయి నిలబడ్డాయి. ఇప్పుడు ఒక్క ట్యాంకులోనే లాగర్, ధర కూడా పెంచాను. అడిగినవాళ్లకు ఆరు వారాల కథ చెప్తే మారుమాట్లాడకుండా ఇస్తున్నారు.

మీరు బేకరీ వాళ్లయినా ఇదే లెక్క వేసుకోండి, ఓవెన్‌లో ఏ ట్రే ఎంతసేపు కూర్చుంటోందో. ముందు వేసుకోండి, తర్వాత నన్ను తిట్టుకోండి.

2020 సంగతి చెప్పాలనుకోలేదు గానీ, ఎవరో తల ఊపుతున్నారు కాబట్టి చెప్తున్నా. మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన రోజున నాలుగు ట్యాంకులు నిండుగా ఉన్నాయి. అమ్మకూడదు, చిల్లర్లు ఆపకూడదు. రెండు నెలలు కరెంటు బిల్లు కట్టి మరీ పాడైపోతున్న బీరును చల్లగా చూసుకున్నాం. మే నెలలో వైన్ షాపులు తెరిచారు, మాకు సెప్టెంబరు ఆఖరుదాకా లేదు. చివరికి వదిలేశాం. ఒకేసారి డ్రైనేజీలో పోయకూడదు, శుద్ధి ప్లాంటులోకి రోజుకు కొంచెం కొంచెంగా వదలాలి. అంటే ఆ బాధ ఒక్క రోజులో తీరదు. మా బ్రూవర్ కుర్రాడు పైపు పట్టుకుని కూర్చునేవాడు, ఏమీ మాట్లాడేవాడు కాదు. కాచేదే లేదు కాబట్టి పిప్పీ లేదు. అయినా ఆ బర్రెలాయన మా గదుల్లో చిక్కుకుపోయిన ఒడిశా పనివాళ్లకు పాలు పోయడం మానలేదు. ఖాతా రాసుకున్నాడులెండి. గోడ మీద నాకూ ఒక వరుస వేశాడు.

సరే, కొత్త కస్టమర్లు. దీని మీద ఏమేమో రాసుకొచ్చాను, ఈ కాగితం పక్కన పెడతాను.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు లేచినప్పుడు, మా ఊళ్లోనూ చీపుర్లు పట్టుకుని నిలబడ్డారు. మా అమ్మ వాళ్లలో ఉంది. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చిన రోజు మా ఇంట్లో పాయసం. రెండేళ్లకు దాన్ని సడలించారు, ఆ రోజు అన్నమే వండలేదు. ఆ తల్లి కొడుకు బీరు కాస్తున్నాడు. అమ్మ మూడేళ్లు మా బ్రూవరీ గడప తొక్కలేదు.

ఒకరోజు పొద్దున్నే, ఇంకా తెరవకముందు, తనే వచ్చింది. ట్యాంకులన్నీ చూసింది. శుభ్రంగానే ఉందే అంది. తర్వాత, "ఒక్కొక్కడు ఎన్ని గ్లాసులు తాగతాడురా?" అని అడిగింది. నేనప్పుడు ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఆఫర్‌తో ఊగిపోతున్నా. "ఇదివరకు రెండే అమ్మా, ఇప్పుడు నాలుగు దాకా తెచ్చాను" అన్నాను, రిపోర్టు కార్డు చూపించినట్టు.

కాసేపు ఏమీ అనలేదు. "మీ నాయన కూడా నాలుగే అని చెప్పేవోడు" అంది. వెళ్లి ఆటోలో కూర్చుంది.

ఆ ఆఫర్ ఆ నెలాఖరుకు తీసేశాను. అమ్మ కోసమే అంటే అబద్ధం. కూర్చుని లెక్క చూస్తే అదీ వట్టి బర్రే. రెండు గ్లాసుల బీరు పోయి ఒక గ్లాసు డబ్బు వస్తోంది, కౌంటరు దగ్గర గొడవలు, పగిలే గ్లాసులు. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చేది ఆ నలభై మందే. నాలుగో గ్లాసును నేను కొత్త కస్టమర్ అనుకున్నాను.

అసలు కొత్త కస్టమర్ ఎవరో చాలా ఆలస్యంగా తెలిసింది. ఎనిమిది మంది ఆఫీసు బృందం ఎక్కడికెళ్లాలో నిర్ణయించేది అందులో తాగని మనిషి. ఆమెకు మా దగ్గర మెనూలో ఉన్నది ఫ్రెష్ లైమ్ సోడా. ఎనిమిది మందీ ఇంకో చోటికి పోయేవాళ్లు. ఇప్పుడు ఒక కుళాయి నుంచి సుగంధిపాల సోడా వస్తుంది, మేమే చేస్తాం, అదే పొడుగు గ్లాసులో ఇస్తాం. బీరు అలవాటు లేనివాళ్లకు 100 మిల్లీలీటర్ల చిన్న గ్లాసులు నాలుగు, నాలుగు రకాలు, ఒక చెక్కపళ్లెంలో. ఒకటి నచ్చకపోయినా డబ్బు పోయిందని ఏడవరు. ఆదివారం సాయంత్రం తెరవగానే ట్యాంకులు చూపిస్తాం, మాల్టు నోట్లో వేసి నమలమంటాం. బంగినపల్లి ఉన్న రెండు నెలలూ మామిడి బీరు. మంగళవారం తొమ్మిది టేబుళ్లు నిండేవి, ఈ మధ్య ఇరవై దాటుతున్నాయి. మనిషికి సగటున రెండు గ్లాసులే. గత ఏడాది నుంచి చీటీ పాటకు పోలేదు.

అమ్మకు ఆ సుగంధిపాల సోడా తీసుకెళ్లి ఇచ్చాను. చక్కెర ఎక్కువైందంది. తగ్గించాం.

అధ్యక్షులవారు గంట కొట్టారు. మూడో పాయింటు పెట్టుబడిదారుల గురించి, దాన్ని వదిలేస్తున్నా, మీ అదృష్టం. ప్రశ్నలుంటే ఇక్కడ కాదు, మంగళవారం రండి. ఇప్పుడు నేను పరుగెత్తాలి. మా బర్రెలాయన మూడుసార్లు ఫోన్ చేశాడు, ట్రాలీ గేటు దగ్గర నిలబడి ఉంది. ఈ ఎండకు పిప్పి ఇంకో గంట ఆగితే పులిసిపోతుంది, ఇక బర్రెలు మూతి పెట్టవు.